ఎర్రగోడ తల్లి, మూలనున్న తెల్ల జాగా

నాగలివలసలో ఎక్కిన బస్సు కొండవాగు దగ్గర ఆగిపోతుంది. డ్రైవరును ఎంత బతిమాలినా లాభం లేదు, ఆపైన బస్సు పోయే దారి లేదు. చెప్పులు చేతబట్టుకుని వాగు దాటి, అడ్డాకు పొదల మధ్య నుంచి కొండ ఎక్కితే గంటలో ఎర్రగోడ చేరుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారికి గంటన్నర పడుతుంది. తొందర పనిలేదు, తల్లి ఎక్కడికీ పోదు.

కొత్తగా వచ్చిన భక్తులు కొబ్బరికాయ చేతబట్టుకుని నాలుగు వైపులా చూసి, అమ్మవారి గుడి ఎక్కడండీ అని అడుగుతారు. అడిగేది అమ్మవారి ఎదుట నిలబడే. ఇక్కడ గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, విగ్రహమూ లేదు. గడ్డికప్పు కింద ఒక మట్టిగోడ ఉంది. పొడవు పన్నెండు మూరలు, ఎత్తు ఒక నిలువు. ఆ గోడే తల్లి. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో వేసిన తెల్లని బొమ్మలుంటాయి. చేతులు కలిపి ఆడే మనుషులు, సూర్యుడు, చంద్రుడు, దుప్పులు, నెమళ్లు, గొడుగు పట్టుకున్న పెద్దలు. నిరుడు వేసిన వాటిలో ఒక ఆటో, ఒక సెల్ టవరు కూడా ఉన్నాయి. ఆటో నడిపిన కుర్రవాడు నిరుడే పోయాడు, అతని బండి అతని దగ్గరే ఉండాలి గదా.

గోడకు ఎడమవైపు కింది మూలన మాత్రం రెండు జానల మేర తెల్లని సున్నం కనిపిస్తుంది. అందులో ఎర్రమట్టితో గీసిన చిన్న బొమ్మలున్నాయి. గోడంతా ఎరుపు మీద తెలుపు అయితే, ఆ మూల మాత్రం తెలుపు మీద ఎరుపు. ఎందుకలా అని అడగనివారు లేరు. అడిగినవారందరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది కాబట్టి ఈ చిన్న పుస్తకం రాశాను.

రాసినవాడెవరని అడుగుతారేమో, నేను కుమ్మరి దైతారి వంశంలో ఏడోతరం వాడిని. ఇంట్లో ఒడియా మాట్లాడతాను. బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. గోడ దగ్గర సవర మాట్లాడతాను. ఇందులో నీ భాష ఏదని అడిగే పట్నం వారిని, మీ రెండు కళ్లలో మీది ఏదని తిరిగి అడగడం నాకు అలవాటు. ఇక కథలోకి వెళదాం.

ఇక్కడి సవర గిరిజనుల ఊరు పేరు బొద్దిగూడ. పూర్వం ముప్పై ఇళ్లు. సవరలు కొండవాలున పోడు చేసి సోళ్లు, సామలు, కందులు పండించుకునేవారు. ఒక వేసవిలో పోడు కోసం పెట్టిన నిప్పు గాలికి ఎగిరి ఊరి మీద పడింది. మనుషులు ప్రాణాలతో బయటపడ్డారు గాని కొంప ఒక్కటీ మిగలలేదు. బూడిద చల్లారాక వచ్చి చూస్తే ఒకే ఒక గోడ నిలబడి ఉంది. అది బొమ్మలున్న గోడ. దాని మీద ఒక్క గీత కూడా చెరగలేదు.

సవరల ఇళ్లలో బొమ్మల గోడ అంటే అలంకారం కోసం వేసుకున్నది కాదు. ఇంట్లో ఎవరైనా చనిపోతే, వారికి ఇష్టమైన వస్తువులతో సహా వారిని గోడ మీద గీస్తారు. ఆ రోజునుంచి అది వారి ఇల్లు. గీయకపోతే చనిపోయినవారు నిలువ నీడ లేక అడవులు పట్టి తిరుగుతారు, జ్వరమై వచ్చి గుమ్మంలో నిలబడతారు. ఊరంతా కాలినా ఈ గోడ నిలిచిందంటే పెద్దలు మనల్ని వదిలిపోలేదన్నమాట, మనమూ ఈ చోటు వదలకూడదని బొద్దిగూడ వారు తీర్మానించుకున్నారు. గోడకు గడ్డికప్పు వేసి, ఏటేటా కొత్త కందులు వండుకునే కందికొత్త పండుగకు ఎర్రమట్టి పూసి, పాతవారిని మళ్లీ గీసి, కొత్త బొమ్మలు వేయసాగారు. నిప్పుకు లొంగని గోడలో తల్లి ఉందని కింది ఊళ్ల తెలుగువారూ నమ్మారు. కొండమీద లక్ష్మివారం, అంటే గురువారం, జరిగే సంతకు ఉప్పు, బట్టలు మోసుకొచ్చే ప్రతివాడూ గోడకు దండం పెట్టుకునే కావడి దించేవాడు. ఎర్రగోడ తల్లి అన్న పేరు వారు పెట్టిందే.

ఆ రోజుల్లో గోడ మీద బొమ్మలు వేసే పెద్దామె పేరు బుద్దాయి. ఆమెకు ఒక్కతే కూతురు, లక్కాయి. తొమ్మిదేళ్ల వయసులో ఆ పిల్ల విషజ్వరంతో చనిపోయింది. తల్లి తన చేతులతోనే కూతురిని గోడ మీద గీసింది. ఒక చేతిలో దువ్వెన, పక్కన మేకపిల్ల. పిల్లకు జుట్టు మీద మోజు ఎక్కువ, మేకపిల్ల లేనిదే నిద్రపోయేది కాదు. ప్రతి సాయంకాలం బుద్దాయి పొలం నుంచి వస్తూ గోడ దగ్గర ఆగి, ఆ పూట ఇంట్లో ఏం వండబోతున్నదో కూతురికి చెప్పి వెళ్లేది. వర్షమైనా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ పని మానలేదు.

కింద నాగలివలసలో గవరయ్య అని సున్నం కాల్చేవాడు ఒకడుండేవాడు. వాగులో గుల్లలు ఏరి, బట్టీలో కాల్చి సున్నం చేసేవాడు. అతని సున్నం పూసిన గోడకు భుజం ఆనిస్తే బట్టకు తెలుపు అంటదని చుట్టుపక్కల పేరు. పేరుకేం, ఇంట్లో సుఖం లేదు. భార్య పారమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి ముగ్గురూ పురిటిలోనే పోయారు. నాలుగోసారి ఆమె కడుపుతో ఉన్నప్పుడు గవరయ్య సంతకు వస్తూ ఎర్రగోడ తల్లి ముందు సాగిలపడ్డాడు. ఈ బిడ్డ బతికి ఐదేళ్లది అయితే నీ చోటు వెండిలా మెరిపిస్తానని మొక్కుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ నిలవాలని చాటలో తవుడు పోసి, అందులో పడుకోబెట్టి, పొరుగామెకు ఇచ్చేసి, మళ్లీ తవుడు ఇచ్చి కొనుక్కుని తవిటమ్మ అని పేరు పెట్టారు. పిల్ల నిలిచింది. ఐదేళ్లు నిండాయి.

ఇక గవరయ్య ఆగుతాడా? కందికొత్త పండుగ ఇంకా రెండు వారాలుందనగా మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరాడు. అప్పుడు బొద్దిగూడలో ఎవరూ లేరు, అందరూ పోడుల్లో మంచెలు వేసుకుని పంట కాసుకుంటున్నారు. గవరయ్య గోడను చూసి నొచ్చుకున్నాడు. పొగపట్టి, ఏడాది మట్టి పేరుకుని, బొమ్మలు సగం చెరిగి ఉన్నాయి. పండుగ వస్తుంటే ఇంటికి వెల్ల వేయనివాడు మనిషేనా అని మన ఊళ్లలో అంటారు. అలాంటిది తల్లి గోడను ఇలా వదిలేశారే అనుకున్నాడు. మేలిమి గుల్లసున్నంలో తుమ్మబంక కలిపి, చిటికెడు నీలిమందు వేసి, ఈతమట్ట కుంచెతో మూడు పూతలు పూశాడు. కుంచె కడుక్కుని దూరంగా నిలబడి చూసుకుంటే గోడ నిజంగానే వెండిలా ఉంది. అతను ఆనందంతో ఏడ్చాడు. పదేళ్లకు గాని ఇది చెదరదని తృప్తిగా కొండ దిగిపోయాడు.

సాయంకాలం బుద్దాయి మంచె దిగి వచ్చింది. గోడ ముందు నిలబడి చేయి చాచి ముట్టుకుంది. లక్కాయీ అని మూడుసార్లు పిలిచింది. ఆ తర్వాత అక్కడే చతికిలబడింది, ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు సవరలు దారికి అడ్డంగా చెట్లు నరికి పడేశారు. లక్ష్మివారం వచ్చింది గాని సంత జరగలేదు. కొండమీద ఉప్పు నిండుకుంది, కింద కందులు, చింతపండు రావడం ఆగిపోయింది. నాగలివలసలోనూ మాటలు ముదిరాయి. మన సున్నం వాళ్లకు మైలయ్యిందా అని కొందరు, ఆ మట్టిగోడ ఎందుకు, ఇక్కడే రాతి విగ్రహం పెట్టుకుందామని కొందరు, కర్రలు తీసుకుని వెళదామని మరికొందరు. అందరికన్నా బిత్తరపోయింది గవరయ్యే. భక్తితో చేసిన పనికి ఇంత కోపం ఎందుకో అతనికి ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు.

వాగు ఒడ్డున ఒడియా కుమ్మరులు నాలుగిళ్ల వారు ఉండేవారు. మా దైతారి తాత వారిలో పెద్ద. పైవారికి కిందివారికి కుండలు చేసే మనిషి కాబట్టి అందరి మాటా వచ్చు. గవరయ్య వెళ్లి ఆయన్ను అడిగాడు. దైతారి కుమ్మరి సారె ఆపి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"అది మాసిన గోడ కాదు గవరన్నా," అన్నాడు. "బుద్దాయి అక్క కూతురు ఉండే ఇల్లు. నువ్వు తలుపు మూసేసి వచ్చినావు."

ముగ్గురు పిల్లలను పోగొట్టుకున్నవాడికి ఆ మాట విడమరచి చెప్పాలా? దైతారి ఇంకో సంగతి కూడా చెప్పాడు. కందికొత్త నాటికి గోడ ఎర్రగా కాకపోతే, ఇల్లు లేని పెద్దలూ పిల్లలూ అడవిలోకి వెళ్లిపోతారు, ఇక ఎంత పిలిచినా తిరిగి రారు. బొద్దిగూడ వారే ఆ సున్నం గీకేయవచ్చు గదా అంటే కుదరదు. తలుపు మూసిన చెయ్యే తెరవాలి. వేరేవారు గీకితే తమ వాళ్లే తమను తరిమేస్తున్నారని చనిపోయినవారు అనుకుంటారట. పండుగ అప్పటికి నాలుగు రోజులే ఉంది.

మర్నాడు తెల్లవారుజామున గవరయ్యకు కల వచ్చింది. కలలో ఒక ఆడమనిషి తలనుంచి పాదాల దాకా సున్నంతో నిలబడి ఉంది. కనురెప్పల మీద కూడా సున్నమే. "కళ్లు మండుతున్నాయిరా," అంది. "పూసినవాడివి నువ్వే, తియ్యి." సున్నం కంట్లో పడితే ఎలా ఉంటుందో సున్నం కాల్చేవాడికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? గవరయ్య లేచి భార్యను, కూతురిని వెంటబెట్టుకుని, దైతారిని పిలుచుకుని కొండెక్కాడు. ఊరివారు వద్దన్నారు, పైవాళ్లు బాణాలు వేస్తారని భయపెట్టారు. అతను వినలేదు.

అడ్డం పడేసిన చెట్ల దగ్గర సవరలు అడ్డగించారు. గవరయ్య తలపాగా తీసి నేలమీద పెట్టాడు. "తప్పు నాదే తల్లీ. నా సేతుల్తోనే మళ్లీ ఎర్రగా సేస్తాను," అని బుద్దాయి వైపు చూస్తూ అన్నాడు. దైతారి ఆ మాటను సవరలోకి మార్చి చెప్పాడు. బుద్దాయి అతని ముఖంకేసి చూడలేదు. చెయ్యనీ అన్నట్టు పక్కకు తప్పుకుని, గోడ ఎదుట ఒక బండ మీద కూర్చుంది.

మొదటిరోజు గవరయ్య కంగారులో తన విద్యే మరచిపోయాడు. వాగు గట్టునుంచి ఎర్రమట్టి మోసుకొచ్చి, సున్నం మీదనే పూశాడు. ఎండ ఎక్కేసరికి మట్టి అప్పడాల్లా పెచ్చులు పెచ్చులుగా రాలి కిందపడింది. సున్నం మీద మట్టి నిలవదని పసిపిల్లలకు కూడా తెలుసు. మళ్లీ పూశాడు, మళ్లీ రాలింది. ఒక రోజు అలా పోయింది.

రెండోరోజు గీకడం మొదలుపెట్టాడు. ఇనుప గరిటెతో గీకితే గోడ గాయపడుతోంది. కొబ్బరి చిప్పతో గీకాడు. అదీ గట్టిగా తగులుతోందని గోళ్లతో గీకాడు. పదేళ్లు నిలవాలని బంక కలిపి మూడు పూతలు పూసినవాడు తనే గదా. ఎంత బాగా పూశాడో అంత గట్టిగా పట్టుకుని ఉంది. తన పనితనం మీద తనకే కోపం వచ్చింది. వేళ్ల చివర్లు పగిలాయి, పగుళ్లలోకి సున్నం దిగి మండింది. దైతారి సాయం చేయబోతే వద్దన్నాడు. పూసింది నేనొక్కడినే అన్నాడు.

బుద్దాయి మూడురోజులూ ఆ బండ మీదనుంచి కదలలేదు. పారమ్మ కూతురిని ఒళ్లో పెట్టుకుని కాస్త దూరంగా కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. మూడోరోజు మధ్యాహ్నం బుద్దాయి తవిటమ్మను చూపించి, నీకు పిల్లలెందరని చేత్తో అడిగింది. పారమ్మ నాలుగు వేళ్లు చూపించి, అందులో మూడింటిని మడిచేసింది. బుద్దాయి ఆ మడిచిన వేళ్లను చూసింది. అప్పుడు దైతారిని పిలిచి, ఆ ముగ్గురూ ఇప్పుడు ఎక్కడున్నారో అడగమంది. వాగు ఇసుకలో పెట్టామని, వరదొచ్చి ఆ ఇసుక కూడా కొట్టుకుపోయిందని, ఇప్పుడు ఏ చోటో కూడా తెలియదని పారమ్మ చెప్పింది. చెప్పి కొంగు నోట్లో కుక్కుకుంది. పేర్లు పెట్టకముందే పోయినవాళ్లు కాబట్టి ఊళ్లో ఎవరూ వారి ఊసు ఎత్తరు, ఆమె కూడా ఎత్తి ఎరగదు.

పొద్దు వాలేసరికి గవరయ్య గోడ ఎడమ మూలకు వచ్చాడు. ఇక రెండు జానల మేర మిగిలింది. అతను ఆ చివరి ముక్క మీద గోళ్లు ఆనించగానే బుద్దాయి బండ మీదనుంచి లేచి వచ్చి అతని చేయి పట్టుకుంది. మూడురోజుల్లో ఆమె అతన్ని ముట్టుకోవడం అదే మొదలు. ఆపమంది. తల్లి కళ్లు మండుతున్నాయమ్మా, ఇదీ తీసేస్తానని గవరయ్య వేడుకున్నాడు. బుద్దాయి తల అడ్డంగా ఊపింది.

"మా పిల్లలకి మట్టి ఇల్లు. నీ పిల్లలు సున్నపాయన పిల్లలు, వాళ్లకి సున్నం ఇల్లే ఉండాలి," అంది. దైతారి ఆ మాటను తెలుగులో చెబుతూ రెండుసార్లు ఆగాడట. మా ఇంట్లో ఏడు తరాలుగా ఈ మాట చెబుతున్నప్పుడు అందరమూ అక్కడ ఆగుతాం.

ఆ సాయంకాలమే గవరయ్య మిగతా గోడకంతా ఎర్రమట్టి పూశాడు. ఈసారి మట్టి నిలిచింది. మర్నాడు కందికొత్త. బుద్దాయి కొస నమిలి కుంచెలా చేసుకున్న పుల్లతో బియ్యప్పిండి అద్ది ముందుగా లక్కాయిని గీసింది. చేతిలో దువ్వెన, పక్కన మేకపిల్ల. ఆ తర్వాత ఊరి పెద్దలందరినీ వారి వారి చోట్లలో నిలబెట్టింది. అన్నీ అయ్యాక మూలకు వచ్చి కూర్చుని, ఎర్రమట్టిని నీళ్లలో కలిపి, తెల్లని సున్నం మీద పిల్లలు తమ ఇల్లు పోల్చుకునేలా సున్నం బుట్ట నెత్తిన పెట్టుకున్న తండ్రిని, అతని పక్కన ముగ్గురు చిన్నపిల్లలను గీసింది. పారమ్మను రమ్మని పిలిచి, తాను లక్కాయితో మాట్లాడినట్టు ఆ పిల్లలతో మాట్లాడమంది.

బిడ్డలు పోయి పన్నెండేళ్లు, పదేళ్లు, ఏడేళ్లు అయ్యాయి. పారమ్మ గోడకు దగ్గరగా వంగింది. "ఈయాల సోడంబలి సేసినాను నాయనా," అంది. "కొండమీద ఉప్పు లేదు. ఉల్లిపాయ నంజుకుని తాగండి." అప్పుడు గాని ఆమెకు ఏడుపు రాలేదు. బుద్దాయి ఆమె పక్కనే కూర్చుని, తవిటమ్మను ఒళ్లోకి తీసుకుని తల దువ్వింది.

ఆ రోజే దారిమీది చెట్లు తొలగించారు. ఆ తర్వాతి లక్ష్మివారం సంత జరిగింది.

నాటినుంచి నేటివరకు ఈ ఆచారం తప్పలేదు. కందికొత్తకు ముందురోజు నాగలివలస తెలుగువారు ఎర్రమట్టి మోసుకొచ్చి గోడకు పూస్తారు. మట్టి కలిపే కుండలు మావి. డప్పులు పక్క ఊరి జాతాపు గిరిజనులవి, వారు లేకపోతే పండుగకు ఊపు రాదు. బొమ్మలు మాత్రం బొద్దిగూడ ఆడవారే వేస్తారు. ఆ మూలన తెల్ల జాగాకు గవరయ్య వంశంవారు ఏటా ఒక్క పూత సున్నం వేస్తారు, అంతకన్నా ఒక్క అంగుళం ఎక్కువ వేయరు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు ఏ ఊరివారైనా, ఏ కులంవారైనా వస్తే, ఆ తెల్ల జాగాలో ఎర్రమట్టితో వారి బిడ్డను గీసి ఇస్తారు. అందుకు ఏమీ ఇవ్వనక్కరలేదు. బిడ్డకు పేరు లేకపోయినా పరవాలేదు, ఏది ఇష్టమో చెబితే చాలు. అది కూడా తెలియనంత పసిబిడ్డ అయితే ఒక పువ్వు వేస్తారు. మూల నిండిపోతే ఏం చేస్తారని కొందరు అడుగుతుంటారు. ఏటా కొత్త పూత పడుతుంది గదా, సున్నం ఇంటివారికి సున్నం పూత దుప్పటే గాని మూసిన తలుపు కాదు, నిరుటివారు దాని కింద పడుకుంటారు, ఈ ఏటివారు పైన కూర్చుంటారు. చోటు ఎప్పుడూ చాలకపోలేదు.

మూడేళ్ల క్రితం పట్నం దాత ఒకాయన గోడకు మెరిసే టైల్స్ వేయిస్తానని, పైన శ్లాబు కట్టిస్తానని వచ్చారు. మంచి మనసుతోనే వచ్చారు, అందులో సందేహం లేదు. ఈ కథ చెప్పి, ఒకసారి మెరిపించుకున్నాం బాబూ, చాలు అన్నాం. ఆయన ఆ మూల దగ్గరికి వెళ్లి చూసి, వెళ్లాక గడ్డికప్పుకు రెండు బండ్ల గడ్డి కూలీలతో కొండమీదికి మోయించి పంపారు.

ఎర్రగోడ తల్లిని దర్శించినవారికి పుట్టిన బిడ్డ నిలుస్తుంది, పోయిన బిడ్డకు చోటు దొరుకుతుంది, తగవు పడినవారి దారి తెరుచుకుంటుంది. కొబ్బరికాయ, పువ్వులు మీ ఇష్టం. వెళ్లేముందు మాత్రం గోడకు దగ్గరగా వంగి, మీ ఇంట్లో ఆ పూట ఏం వండారో తల్లికి చెప్పి వెళ్లాలి. సవరలో చెప్పినా, ఒడియాలో చెప్పినా, తెలుగులో చెప్పినా సరే, మీ అమ్మ మీతో మాట్లాడిన భాషలో చెప్పండి. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతి కూడా దాచవద్దు.